రొద లెక్క

యార్క్‌లో వాన. ల్యాబ్ కిటికీ పక్కన
ముప్ఫై ఏళ్ల పేపర్ల శీర్షికలు లెక్కపెడుతున్నాను.
మొదట్లో అన్నీ కేబుళ్లు, ఇగ్నిషన్ కాయిళ్లు,
పొరుగింటి రేడియోలో గరగర.
తర్వాత ఫోన్లు. ఆ తర్వాత కరెంటు కార్లు.
ఈ ఏడు ప్రతి రెండో పేపరూ
కంప్యూటరే నేర్చుకుని రొదను ముందే చెబుతుందంటోంది.
గ్రాఫులో ‘కొలత’ అనే మాట
మెట్లు దిగిపోతోంది, తొందరేం లేకుండా.

డెరిక్ హాల్‌వర్త్ భుజంతో తలుపు తోశాడు,
చేతిలో టీ, చంకలో మరకల నోట్‌బుక్.
“ఇదీ లెక్కలో వేస్తావా?”

నలభై రెండు మెగాహెర్ట్జ్ దగ్గర
గుచ్చుకునేంత వాడిగా ఒక ముల్లు.
మూడు వారాలు బోర్డు విప్పాడు, బిగించాడు,
రేకు చుట్టాడు, ఎర్త్ తీగ మార్చాడు,
తనను తానే తిట్టుకున్నాడు.
చివరికి దొరికింది:
తలుపు మీద కొత్తగా పెట్టిన ఎల్ఈడీ దీపం.

దీపం కిందే చీకటి అంటాం మావైపు, అన్నాను.
విడమర్చి చెబితే నవ్వాడు, టీ ఒలికింది.

ఏ జర్నలూ వేసుకోదు దీన్ని.
నా పట్టికలో దీనికి గడి లేదు.
అయినా ఒక వరుస చేర్చాను.
ఏడాది, అతని పేరు,
ఆపైన ఏం రాయాలో తోచక
తలెత్తి
నా గది దీపం వైపు చూశాను.