మొగ్గు

మడపాం వంతెన మీద
మా వెనక గది ఒకసారి నవ్వినట్టు కదిలింది.
రెండోసారి అది నవ్వు కాదు.

రాత్రి ఒంటిగంట. ముందు జీపు, వెనక రెండు చక్రాల రేకు గది.
అందులో నా మడతమంచం, పొయ్యి, రుబ్బురోలు,
మూతులకి వల కట్టిన ఇరవై తేనెటీగల పెట్టెలు.
సాలూరు కొండల్లో వలిసెపూలు అయిపోయాయి.
ఉద్దానంలో జీడిమామిడి పూత విచ్చిందని కబురు.
పువ్వు ఎవరి కోసం ఆగింది గనక?

బస్సొకటి దాటింది. దాని గాలి ముందు నెట్టింది, తర్వాత లాక్కుంది.
అద్దంలో మా గది ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి,
ప్రతిసారీ ఓ జానెడు ఎక్కువ.
తమ్ముడు ఢిల్లేసు బ్రేకు తొక్కాడు.
కింద వంశధార ఇసుక, తెల్లగా,
చాలా దగ్గరగా.

ఎలా ఆగామో ఇద్దరం మాట్లాడుకోలేదు.

తెల్లారి నరసన్నపేటలో దాలినాయుడి వెల్డింగు షాపు.
పెట్టెల మీద తడి గోనెలు కప్పి
నీడకి లాగి, కొక్కెం అడిగాం. ఊగనివ్వని కొక్కెం.
గోడకి మూడు రకాలు వేలాడుతున్నాయి.
ఒకటి ఉత్త ఇనప గోళీ, మాకున్నదే.
ఒకటి రాపిడి కడ్డీ, బిగించడానికి పిడి ఉంది.
మూడోది గొలుసులు, వంచిన స్ప్రింగు పట్టాలు,
ఏదో పెద్ద బండికి విప్పి తెచ్చినది. ఎత్తడానికే ఇద్దరు కావాలి.
ఢిల్లేసు కళ్లు దానిమీదే.
భయపడ్డవాడికి బరువైనదే నచ్చుతుంది.

"నీ జీపు నడుం ఇరిగిపోద్ది బాబూ" అన్నాడు దాలినాయుడు.
"ఊగినప్పుడు బ్రేకు తొక్కినావేటి?"
"తొక్కాను."
"తప్పు. కాలు తీసీడమే. బండి దానికదే సిగ్గుపడి సర్దుకుంటాది."

పక్క మిల్లు నుంచి ధాన్యం కాటా తెప్పించి
మా గది ముక్కు దానిమీద పెట్టాడు.
నలభై.
తొమ్మిది క్వింటాళ్ల బండికి ముక్కు మీద నలభై కిలోలు!
"ఎద్దుబండి ఎరగవా అమ్మా? ఎనక మొగ్గితే కాడి మెడ మీంచి లేచిపోదా?
ముందు సరుకు సర్దు, తరవాత కడ్డీ కొను.
అమ్మీవోడు సెప్పకూడని మాట సెప్తన్నాను."

వెనక తలుపు తీశాను.
రెండు తేనె డబ్బాలు, నీళ్ల పీపా, రోలు,
దిగగానే చేతికందాలని నేనే అక్కడ పెట్టినవి.
రాత్రంతా ఢిల్లేసు డ్రైవింగుని తిట్టుకున్నాను.
వాడు డబ్బాలు ముందుకి మోస్తూ
నావైపు చూడలేదు. చూసినా బాగుండేది.

కాటా తొంభై ఆరు దగ్గర నిలబడింది.

రాపిడి కడ్డీయే తీసుకున్నాం.
"ఇది ఊగడాన్ని ఆపీదు" అన్నాడు పిడి బిగిస్తూ,
"ఊగడాన్ని అలిసిపోయీలా సేస్తాది.
వానొస్తే పట్టు తగ్గుద్ది. ఎనక్కి నడిపితే ముందు విప్పీయాలి,
నేకపోతే వంగిపోద్ది. మర్సిపోకండి."
డబ్బులు లెక్కపెడుతుంటే
ఒక పెట్టెకి చెవి ఆనించి విన్నాడు. ఏమీ అనలేదు.

చీకటి పడ్డాక కదిలాం.
కోటబొమ్మాళి దాటాక లారీ ఒకటి, దాని వెంటే ఇంకొకటి.
గది ఒకసారి ఒరిగింది.
కడ్డీ మూలిగింది, ముసలి తలుపులా.
ఢిల్లేసు కాలు తీశాడు. అద్దంలో గది మళ్లీ మా వెనకే.
వాడు ఊపిరి వదలడం విన్నాను.
"రోలు ముందుకి పెట్టాంగా" అన్నాను.
మన్నింపు అడగడం నాకు అంతవరకే వచ్చు.

జీడితోటలో దారి ముగిసింది. వెనక్కి తిప్పాలి.
వాడు అప్పటికే గేరు మార్చాడు.
"ఆగు!" అని దూకి,
చీకట్లో తడుముతూ మేకు లాగాను.
కడ్డీ ఇంకా వేడిగా ఉంది,
ఇంత దూరం ఎవరితోనో వాదించి వచ్చినట్టు.

తలపైన పూత వాసన.
గది లోపల ఇరవై పెట్టెలు
ఒకే గొంతుతో
తలుపు తీయమంటున్నాయి.