అట్టపెట్టె చాటు

కొత్తవాడల మగ్గాలు ఆగే యాళ్లకు
నా ఫోన్ మోగుడు మొదలైతది.
అంగన్‌వాడి టీచర్ని, ఓటర్ల లిస్టు గూడ నాదే.
చచ్చిపోయినోళ్లను కొట్టేసేది, పద్దెనిమిది నిండినోళ్లను ఎక్కిచ్చేది,
ఎండల గల్లీ గల్లీ తిరిగి
ఇంటి నంబర్లు దిద్దేది నేనే.

పోయిన ఎండాకాలం వార్డు గ్రూపుల ఒక ప్రశ్న పడ్డది.
నాలుగు లక్షలున్నయట. ఏం కట్టాలె?
ఒకటి: గల్లీ మొదట్ల కమాను.
రెండు: మోరీ.
నొక్కుండ్రి, ఇదే అసలు ప్రజాస్వామ్యం అని
కింద దండం పెట్టే చేతుల బొమ్మ.

బోగ సదానందం అద్దకం కొట్టం నుంచి వచ్చిండు,
మోచేతుల దాక నీలిరంగు,
మనవరాలి ఫోన్ పట్టుకొని.
"బిడ్డా, కూసున్న కాన్నే ఓటా?
లైన్ లేదు, చీటీ లేదు, పోలీసు లేడు?"
డెబ్బై ఏండ్ల వేలు
అద్దం మీద రెండుసార్లు జారింది, మూడోసారి పడ్డది.
రెండు.
వానొస్తే ఆయన కొట్టంలకు వచ్చేది మోరీ నీళ్లే గద.

ఇంకోసారి ఒత్తితే ఓటు వాపసొచ్చింది.
మళ్లొత్తితే మళ్ల పడ్డది.
పసిపిల్లగాని లెక్క నవ్విండు:
"ఇచ్చిన ఓటు వాపసు తీసుకోవచ్చా?
గీ ముచ్చట ముప్పై ఏండ్ల కింద తెలిస్తే
ఎన్నిసార్లు తీసుకుంటుంటినో!"

నాకు గూడ సంతోషమే అయింది, అబద్ధమెందుకు.
మీటింగులకు ఎన్నడూ రాని ఆడోళ్లు
బీడీల చాట ఒళ్లో పెట్టుకొనే నొక్కిండ్రు.
సూరత్‌ల మగ్గం నడిపే పిల్లగాడు
అక్కడినుంచే నొక్కిండు.
పొద్దుగూకేసరికి మోరీకి నూటా పదకొండు,
కమానుకు నలభై.

రాత్రి తొమ్మిదింటికి సదానందం ఇంటికి శ్రీశైలం వచ్చిండు.
లీడర్ మనిషి. కోపం లేదు. చాయ్ తాగిండు.
ఫోన్ తీసి అంకె మీద వేలు పెడితే
కింద వరుసగ పేర్లు, మొఖాలు.
"పెద్దబాపూ, నువ్వు గూడ రెండే ఒత్తినవా?"
అంతే అన్నడు.
పింఛను కాయితం ముచ్చట ఎత్తనే లేదు.
ఎత్తకపోవుడే ఎత్తుడు.

తెల్లారి చూస్తే కమానుకు నూటా ఇరవై.
ఇగ అడ్మిన్లు మాత్రమే రాస్తరని కింద ఒక గీత.
నేనెవరినీ ఏం అడగలే.
నాది గూడ, చెప్పాలె,
రెండు నుంచి ఒకటికి జరిగింది.

ఎలక్షన్ నాడు సర్కారు బడిల, ఆరో తరగతి గదిల
బల్ల మీద అట్టపెట్టె,
మూడు దిక్కుల మూసి.
సిరాచుక్క పెట్టే పిల్ల
సదానందం వేలు పట్టుకొని తికమక పడ్డది:
ఏ నీలి మీద ఏ నీలి పెట్టాలె?
గోరు మొదట్ల గింజంత తెల్ల జాగ దొరికిచ్చుకుంది.

ఆయన అట్ట చాటుకు పోయిండు.
నిలబడ్డడు.
ఆఫీసర్ దగ్గిండు. లైన్ల శ్రీశైలం గడియారం చూసుకున్నడు.
చప్పుడు రాలె.
కిటికీల నుంచి నాకు కనపడేది ఆయన వీపు,
అంగీ మీద ఆరిపోయిన రంగు మరకలు.
పావలా చేయని అట్ట,
గాలికి ఒక మూల ఊగుతున్నది,
ఆ మనిషి మాత్రం దాని ముందట
సొంతిల్లు కట్టుకున్నోని లెక్క నిలబడ్డడు.

అప్పుడు మోగింది, పొడుగ్గ.

గడప బయట ఇడిచిన చెప్పులు తొడుక్కుంట అడిగిండు:
"బిడ్డా, దీంట్ల వాపసు లేదు గద?"
లేదు బాపూ.
"మంచిది."

రోడ్డు దాటి
కొత్త కమాను కింది నుంచి పోయిండు.
రాత్రి పడ్డ వాన నీళ్లు ఇంకా నిలిచే ఉన్నయి,
ధోతి అంచు ఎత్తి పట్టుకున్నడు.