చెల్లదు

బ్రాడ్వేలో మా కొట్టు వెడల్పు ఆరడుగులు.
లోపల చెంగల్రాయుడు గారు, నేను, గోడకి రేట్ల పలక.
డాలరు, పౌండు, దిర్హాము, రింగిట్టు.
పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి
కొత్త అంకెలు రాయడం నా పని.

శనివారం, మూసే వేళకి,
రాయపురం నించి ఫిలోమినమ్మ వచ్చింది.
సంచిలోంచి బైబిలు తీసింది.
బైబిల్లోంచి, పేజీకొకటి చొప్పున,
లీరాలు.

జెనోవాలో ఒక ముసలామెకి తొమ్మిదేళ్ళు
ఒళ్ళు తుడిచిందట, సూపు తాగించిందట.
క్రిస్మస్‌కల్లా ఆవిడ దిండు కింద నించి తీసిచ్చినవి ఇవి.
జీతం ఇంటికి పోయేది. వీటిని మాత్రం ముట్టుకోలేదు.
"కూతురికని దాచాను" అంది తమిళంలో.
ఆ కూతురి సంగతి ఇంక ఎత్తలేదు.

మొత్తం పద్దెనిమిది లక్షలు!
లక్ష అనేటప్పుడు ఆవిడ నోరు కాస్త నిండింది.
నాకా లెక్క కంఠతా వచ్చు:
యూరోకి పందొమ్మిది వందల ముప్పయ్యారు లీరాలు, పైన చిల్లర.
ఆనాడే మార్చుంటే తొమ్మిది వందల ముప్పై.
జర్మనీ మార్కులైతే ఇవాళ్టికీ పుచ్చుకుంటారు.
లీరాకి తలుపేసి చాలా ఏళ్ళయింది.

చెంగల్రాయుడు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.
"సెల్లాదు" అన్నారు ఆవిడతో.
నా వైపు తిరిగి, ఎందుకో, "చెల్లదు" అన్నారు.
మన నోటు వెనక తమిళం కిందే తెలుగు,
మధ్యలో చీమ దూరే సందు ఉండదు.

కొత్త డబ్బు ఎలా ఉంటుందో చూపించమంది.
ఇరవై యూరోల నోటు తీశాను.
ఒకవైపు కిటికీ, ఒకవైపు వంతెన.
"ఏ ఊరి వంతెన?"
ఏ ఊరిదీ కాదు.
ఒకరి వంతెన వేస్తే ఇంకొకరు అలుగుతారని
ఎక్కడా లేని వంతెన గీశారట.
ఆవిడ తన వెయ్యి లీరాల నోటు పక్కన పెట్టింది:
నెరిసిన జుట్టు టీచరమ్మ, వెనకాల చదువుకునే పిల్లలు.
"మా ముసలిది అచ్చం ఇలాగే చూసేది,
సూపులో ఉప్పు తగ్గితే."

చెంగల్రాయుడు గారి అమ్మ ఆండాళమ్మకి తొంభై దాటాయి.
ఇప్పటికీ పూలమ్మితో బేడల్లోనే బేరం.
నేను దమ్మిడీ మొహం ఎరగను,
మా నాన్న నన్ను తిట్టింది మాత్రం దమ్మిడీకి కొరగావనే.
మంచి మనిషైతే పదహారణాలు,
జేబు ఖాళీ అయితే చిల్లిగవ్వ.
నూరు పైసల మనిషని ఎవరినైనా మెచ్చుకోగా విన్నారా?

టీ తెప్పిస్తానంటే వినలేదు,
మీ టైం తిన్నాను, డబ్బు నాదే, అని ఎదురు బంకుకి నడిచింది.
మూడు టీలకి మూడు పదిరూపాయల బిళ్ళలు.
కుర్రాడు తిప్పి చూసి వెనక్కి నెట్టాడు:
"ఇదు సెల్లాదుక్కా."
చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పిందో!
వాడికి బ్యాంకు తెలీదు, పాలవాడు తెలుసు,
పాలవాడు తీసుకోడు.
ఆవిడ రోడ్డు మీదే నిలబడి నవ్వింది,
వెనక బస్సు హారను కొట్టేదాకా.

చివరికి నా ఫోనులోంచి ఇచ్చాను.
చేతిలోంచి ఏమీ కదల్లేదు. టీలు మాత్రం వచ్చాయి.

పోయేముందు నోట్లన్నీ బైబిల్లో సర్దుకుంది,
ఏ పేజీది ఆ పేజీకే. తడుముకోలేదు.

సోమవారం పలక తుడిచి అన్నీ రాశాక
అడుగున కాస్త జాగా మిగిలింది.
లీరా, అని రాశాను. పక్కన అంకె వెయ్యలేదు.
చెంగల్రాయుడు గారు చూశారు, చెరపమనలేదు.
పదకొండింటికి ఒకాయన వచ్చి
అదెంత, అని అడిగాడు.