గోడ మీది జపానాయన

పామూరు రోడ్డులో, విత్తనాల కొట్టుకీ సోడాబండికీ మధ్య
ఆరడుగుల వెడల్పు మా కొట్టు.
అందులో ఒక జానెడు గోడ ఆయనది,
హోషినామి కంపెనీ పెట్టిన మొరిషిగే గారిది.

సర్వీసు పుస్తకంలో తొలి పేజీ చించి
అన్నం మెతుకులతో అతికించాడు కాలేషా మామ.
బట్టతల. కోటు. కోటు జేబులో టెస్టరు.
"ఓనరు గదా, టెస్టరెందుకు మామా?"
పనిలో చేరిన తొలిరోజు అడిగాను.
"బొటనవేలు చూడమ్మాయ్."
చూశాను. గోరు పక్కన నల్లటి మచ్చ.
తన వేలు తెచ్చి పక్కన పెట్టాడు.
అదే మచ్చ, అదే చోట.
"సీసం కాల్చిన వేలది. మనోడే."

పొగాకు వేలం జరిగే నెలల్లో
బ్యారన్లో కాలిన ఆకు వాసనేసుకుని వచ్చేవాళ్లు రైతులు,
తువ్వాల్లో చుట్టిన టేపురికార్డరు
చంటిబిడ్డని ఆస్పత్రికి తెచ్చినట్టు.
బోర్డు డబ్బుల్తో కొన్నదొకటి,
కువైటు బావమరిది తెచ్చిందొకటి.
జబ్బు మాత్రం అన్నిటికీ ఒకటే.
ఏడో నెలకి బెల్టు సాగేది.
చచ్చిపోయిన తాత మాట కూడా దాంతోపాటే సాగి
బావిలోంచి పిలిచినట్టుండేది.

మామకి కోపమొచ్చింది.
కోపమొస్తే మామ జాబు రాస్తాడు.
కాలేజీ లెక్చరరు చేత ఇంగ్లీషు చేయించాడు:
"అయ్యా, మీ మిషను బంగారం. మీ బెల్టు తెగిన చెప్పు.
మా ఎండ సంగతి మీరు కనుక్కోలేదు."
జపాను దాకా స్టాంపులెన్నో తెలీక
పోస్టాఫీసోళ్లు రెండ్రోజులు తిప్పారు.

పదకొండు నెలలకి పొట్లమొచ్చింది.
మూడు బెల్టులు. ఒక కాగితం. ఎర్ర ముద్ర.
చూరు నీళ్లలా నిలువునా జారిన అక్షరాలు.
కింద ఇంగ్లీషులో రెండే ముక్కలు, లెక్చరరు చదివాడు:
"తప్పు నాది.
మీ ఎండ ఎంతుంటుందో రాయండి."

మామ థర్మామీటరు కొన్నాడు.
మే నెల ముప్పయ్యొక్క రోజులూ
మధ్యాన్నం ఒంటిగంటకి, రేకుల కింద,
బీడీ పక్కనబెట్టి మరీ రాశాడు.
రోహిణికార్తె మూడోనాడు నలభయ్యారు.
ఆ అంకె పక్కన, ఎందుకో, సంతకం కూడా పెట్టాడు.

ఆ లెక్క చేరేసరికి ఆయన లేడు.
అల్లుడు జవాబిచ్చాడు, టైపుకొట్టిన కృతజ్ఞతలు,
మంచుకొండ బొమ్మున్న క్యాలెండరు.
ఎండ ఊసు లేదు.
అల్లుడి తర్వాత బ్యాంకు పంపిన మనిషి,
విడిభాగాల సెక్షను మూశాం, కొత్తది కొనుక్కోమన్నాడు.
ఆ తర్వాత ఎవరో. ఆ తర్వాత
ఎవరో కూడా తెలీదు.
పేరొక్కటే అమ్ముడుపోయింది.
మొన్నొక మిక్సీ మీద చూశాను, అదే నీలి చుక్క,
విప్పితే లోపల అల్యూమినియం తీగ.

మా కందుకూరూ అంతే.
నెల్లూరన్నారు, ప్రకాశమన్నారు,
మళ్లీ నెల్లూరన్నారు, మళ్లీ ఏదో అంటన్నారు.
బోర్డు మీద జిల్లా పేరున్న చోట
మామ తెల్లరంగు పూసి వదిలేశాడు.
"ఎవురి కిందుంటే ఏంది, ఎండ అదే గదా."

కొట్టు కొడుక్కివ్వలేదు.
కొడుకు అడగలేదు, అది వేరే సంగతి.
ఒక పొద్దున తాళాలు నా సాల్డరింగు బల్ల మీద పెట్టి
"మామ లేడా అని అడుగుతారు మొదట్లో.
ఉన్నాడని చెప్పమాకు" అన్నాడు.
అంతే. టీ కూడా తాగలేదు.

ఇప్పుడన్నీ సెల్లులే, పగిలిన అద్దాలే.
మెతుకుల కోసం వచ్చిన పురుగులు
జపానాయన మొహం మొత్తం తినేశాయి.
కోటు కొంచెం, వేలు కొంచెం మిగిలాయి.

ఈ రోజు ఉలవపాడు నుంచి ఒకామె వచ్చింది,
మామిడికాయల సంచిలో టేపురికార్డరు.
"మా అక్క గొంతుంది. తిరగట్లేదు."
సొరుగులో, పౌడరు డబ్బాలో,
మూడో బెల్టు ఇంకా మెత్తగానే ఉంది.
వేశాను. తిరిగింది. అక్క ఎవరినో తిడతా ఉంది,
బియ్యం కొలిచేటప్పుడు మాట్లాడించొద్దని.
ఆమె నవ్వి, డబ్బులిచ్చి, ఇంకోసారి వేయించుకుని పోయింది.

ఒంటిగంటయింది.
థర్మామీటరు నలభై నాలుగు చూపించింది.
పంపడానికి చిరునామా లేదు.
రాసుకున్నాను.