అరవై ఒకటో మనిషి

ఏటుకూరు రోడ్డులో పొగాకు గోడౌను.
గేటు పక్కన ఇనప గంట, దాని తాడు నా చేతిలో.
పొద్దున ఏడంటే ఏడుకే కొట్టేవాణ్ణి.
సాయంత్రం మాత్రం
యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా ఆగేవాణ్ణి.

లోపల అరవై మంది ఆడవాళ్ళు.
ఆకు నడుమ ఈనె పట్టి ఒక్క లాగు,
పాత గుడ్డ చిరిగినట్టు చప్పుడు.
మధ్యాహ్నానికి వేళ్ళనిండా బంక,
కలుపుకున్న ముద్ద కూడా చేదే.
"మా ఆయన చుట్ట కన్నా నా చెయ్యే ఘాటు,
అందుకే మీదికి రాడు" అనేది పేరంటాలు.
ఆ నవ్వులకి దుమ్ము లేచేది, తర్వాత దగ్గులు.

ఆలస్యం పది నిమిషాలే.
పది నిమిషాలు, అరవై మంది,
ఎక్కాలొచ్చిన ఎవడైనా కట్టొచ్చు:
రోజుకి పది గంటలు.
అంటే మస్టరులో పేరులేని ఆడమనిషి ఒకతె
రోజూ వచ్చి ఊరికే పనిచేసి పోయేది.
ఆమెకి మేస్త్రీని నేనే.

ఆ వేసవిలో యంత్రం దిగింది,
చెక్కపెట్టెలో, ఎండుగడ్డి పరుపు మీద.
ఇత్తడి పలక మీద దాని ఊరు: రిచ్‌మండ్, వర్జీనియా.
మా పొలాల ఆకుకీ అదే ఇంటిపేరు.
ఇన్నేళ్ళకి పుట్టింటి చుట్టం వచ్చాడనుకున్నాం.
పేరంటాలు కొబ్బరికాయ కొట్టింది.
సువార్తమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది.
హుసేన్‌బీ చుట్టూ తిరిగి చూసి,
"దీనికి దగ్గు రాదు కదా" అంది, అంతే.

వారం తిరక్కుండా పన్నెండు మంది చాలన్నారు.

నల్లపాడులో రాత్రి మీటింగు, పెట్రోమాక్సు లైటు.
రైల్వే ఫిట్టరు దేవసహాయం చెప్పాడు:
నూరేళ్ళ కిందట ఆ యంత్రం దేశంలోనే
చికాగో అనే ఊళ్ళో
ఎనిమిది గంటల పని కోసం లేచారట,
కొందర్ని ఉరి తీశారట.
చికాగో ఏ తాలూకా అని ఎవరో అడిగారు.
పేరంటాలు ఇంకోటి అడిగింది:
"అక్కడ గంట ఎవడు కొట్టేవాడు?"

దేవసహాయానికి తెలీదు.
వెనక చీకట్లో నేనున్నాను,
ఎవరెవరొచ్చారో యజమానికి చెప్పడానికి.

పదకొండు రోజులు గేటు ముందు కూచున్నారు.
పన్నెండో పొద్దున తాడు లాగితే
దిండు మీద గుద్దినట్టు మూగ చప్పుడు.
గంట నాలిక చుట్టూ చీరపేలిక,
పొగాకు రంగుది.
విప్పబోయాను. ఈనెలు లాగిన వేళ్ళు వేసిన ముడి.
నిజం చెప్పాలంటే
గట్టిగా ప్రయత్నించలేదు.
చెప్పాల్సిన పేర్లు అప్పటికే చెప్పేశాను కనక
దాన్ని మంచితనం అనుకోకండి.

నలభై ఎనిమిది మందికి ఇరవై ఒక్క రోజుల కూలి,
నలభై ఎనిమిది వేలిముద్రలు.
ఇంకుప్యాడు పట్టుకుంది నేనే.
పేరులేని ఆమె వరసలో నిలబడలేదు.
ఆమె బాకీ ఏ పుస్తకంలోనూ లేదు.

గోడౌను ఇప్పుడు కల్యాణమంటపం.
యంత్రం ఏ తూకానికి పోయిందో.
సాయంత్రం ఆరు దాటిన పది నిమిషాలు
నాకు కుర్చీలో కూచోబుద్ధి కాదు.
అరచెయ్యి తాడు కోసం మూసుకుంటుంది.
మా మనవరాలు అడుగుతుంది,
"తాతా, ఎవరైనా రావాలా?"