ముక్కు బరువు

సొహార్ రేవు వెనక, ఆరు మంచాల గది.
రాత్రి పదకొండు.
ఏసీ నీళ్లు పెయింటు డబ్బాలో చుక్క చుక్క.
రెండు సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లు,
మంచం చెక్కకు బోల్టులేసి బిగించిన నా జాయ్‌స్టిక్.
దాని స్ప్రింగు నేను మార్చిందే,
పాత స్టాప్లర్ కడుపు చీల్చి.

ఖలీల్ ఆటో ట్రిమ్ మనిషి.
"కంప్యూటర్ చూసుకుంటది అన్నా,
నీకెందుకు చెయ్యి నొప్పి?"
వాడి జెట్టు గీత గీసినట్టు పోతుంది,
వాడు ఖుబ్జ్ తుంచి పప్పులో ముంచుకుంటాడు.

నాది ఒంటి ఇంజన్ ముసలిది, ముందర పంకా.
వేగం పెంచితే ముక్కెత్తుతుంది,
తగ్గిస్తే వేలాడేస్తుంది,
పెట్రోలు కాలేకొద్దీ మాట మారుస్తుంది
మా ఫోర్‌మన్ లెక్క.
ఎడమ చేతి కింద చక్రం,
ఒక పన్ను ఇటు, అర పన్ను అటు.
అసలు విమానంలో అయితే
బరువు గుప్పిట్లోనే కరిగిపోతుందట.
నా స్ప్రింగుకు ఆ తెలివి లేదు.
చక్రం తిప్పినంత మేర
చేతిని నేనే వెనక్కి తెచ్చుకోవాలి,
నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి
మోచెయ్యి తీసుకున్నట్టు.

"ఇంత చేసి, సక్కగ పోవుడేనా?"
ఖలీల్ నవ్వుతాడు.

నాలుగేళ్లుగా క్రేన్ మీద ఉన్నాను.
డబ్బా ఓడలో ఆనగానే
బూమ్ జానెడు లేస్తుంది.
వాకీలో ఎవడో అరవకముందే
వెన్ను చివర తెలిసిపోతుంది,
దిగిందని.

నిన్న ఇద్దరం ఒకే మిషన్.
తెర మీద ఒక సముద్రం, ఒక రేవు,
రేవులో నా క్రేన్ లాంటివే మూడు,
మెడలు చాపి.
బాంబులు వదిలాం.
నాది ఎగిరిపడింది, ముక్కు మబ్బుల్లోకి.
కుడి చేత్తో అణిచిపట్టి
ఎడమ చేత్తో చక్రం తిప్పాను,
తిప్పుతూనే ఉన్నాను.
ఖలీల్ జెట్టు ఉలకలేదు.
"పడ్డయా?" అన్నాడు
తెర మూలన అంకె వెతుక్కుంటూ.
"పడ్డయా అన్నా?"

అప్పుడే పైనుంచి నిజంది ఒకటి పోయింది.
స్టీలు గ్లాసులు గజగజ.
ముత్తెన్న నిద్రలో అటు తిరిగాడు.
బరువుతో పోతోందో, వదిలి వస్తోందో
చప్పుడును బట్టి చెప్పలేకపోయాం.

చాలాసేపటికి ఖలీల్ సెట్టింగుల్లోకి వెళ్లి
ఆటో తీసేశాడు.
జెట్టు నీళ్ల మీదికి ఒరిగింది.
"ఏ బటన్ అన్నా, జల్ది చెప్పు."
వాడి బొటనవేలు పట్టి చూపిస్తుంటే
పెయింటు డబ్బా నిండి
చాప మీదికి పొర్లింది.