పెన్షన్ గుమస్తాతో టామసిన్

రాసుకోండి బాబూ.
పేరు జేబెజ్ నాంకారో.
కార్న్‌వాల్‌లో తగరం గని కూలీ,
ఇక్కడికొచ్చాక పదెకరాల రైతు,
టారనాకీ వాలంటీర్ రైఫిల్ దళంలో సిపాయి.
నంబరు గుర్తులేదు.
చొక్కా కాలరు కొలత అడగండి, చెబుతాను.

స్వచ్ఛందంగా చేరాడా అంటోంది మీ కాగితం.
ఆదివారం చర్చి గుమ్మంలో బల్ల వేసి
పేర్లు రాసుకుంటుంటే
పక్కింటివాడు రాయించాడని ఈయనా రాయించాడు.
ఇంటికొచ్చి పాలు పితికి
చేతులైనా కడుక్కోకుండా చెప్పాడు.
దాన్నేమంటారో
ఆ గడిలో అదే రాయండి.

జీతం రోజుకు రెండున్నర షిల్లింగులు.
యుద్ధమంటే ముప్పాతిక భాగం
బూట్లు ఆరకపోవడమే అనేవాడు.

మమ్మల్ని, ఆడవాళ్లనీ పిల్లల్నీ,
నెల్సన్‌కి ఓడెక్కించారు.
పడవలోంచి తాడుబుట్టలో పైకి లాగారు:
ఒళ్లో డిగొరీ, పిడికిట్లో లవ్‌డే జడ,
కడుపులో ఇంకొకరు.
కొండ మీది మంచు చాలాసేపు కనబడుతూనే వచ్చింది.
దాని కింద మా ఇల్లు కాలుతోందని
అప్పటికి తెలీదు.

ఒక్క షెడ్డులో నాలుగు కుటుంబాలం,
మధ్య మధ్య దుప్పట్లు కట్టుకుని.
జ్వరం ఆ దుప్పట్లను లెక్కచెయ్యలేదు.
డిగొరీ ఎనిమిదో రోజు పోయాడు.
ఆ ఉత్తరం ఆయనకు చేరడానికి నెల.
జవాబు పాస్టరమ్మ చదివి వినిపించింది.
కొడుకు పేరెత్తలేదు.
ఆవు దొరికింది, కొమ్ము విరిగింది అని రాశాడు.
ఆ కొమ్ము గురించే మూడు పంక్తులు.
మళ్లీ చదవమన్నాను.
మళ్లీ.

తూటాలకు ఎదురు నిలిచాడా? సాక్షులెవరు?
నిలిచాడు.
సాక్షి పక్కన నిలిచిన పక్కింటివాడే,
వాడు అక్కడే ఉండిపోయాడు.
ఇంకో సాక్షి ఉంది,
మీ కాగితానికి పనికొస్తుందో లేదో.

యుద్ధం అయ్యాక సర్కారు ఈ నేల ఇచ్చింది.
ఎవరిదని మేం అడగలేదు.
అడగలేదని రాయండి.
ఆయన సంచిలోంచి పిడికెడు పీచ్ టెంకలు తీసి
కంచె వెంట పాతాడు.
ఎక్కడివంటే, దోవలోవి అన్నాడు.
ఐదో ఏట కాపు.
తెల్లటి కండ, టెంక చుట్టూ నెత్తుటి జీర.
ఆయన ఒక్కటీ తినలేదు.
పళ్లు పులుస్తాయనేవాడు.

ఆ వేసవే ఒక మావోరీ ఆవిడ వచ్చింది,
నా ఈడుదే, గడ్డం మీద పచ్చబొట్టు.
కంచె అవతల నిలబడి ఒక పండు కోసి కొరికింది.
మింగకుండా చాలాసేపు ఉంచుకుంది,
తన చేతి వంట
ఎవరింట్లోనో తింటున్నట్టు.
జేబెజ్ పారతో బయటికొచ్చాడు.
ఆమెను చూసి పార కింద పెట్టాడు.
టోపీ తీశాడు.
ఆ చేతులు వణకడం అప్పుడే చూశాను.

రాత్రి చీకట్లో అన్నాడు:
'వాళ్ల తోట నరికింది మేమే, టామీ.
ముందు పళ్లు తిన్నాం.
తర్వాత నరికాం.'
అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.
పోయేదాకా, ముప్పై ఒక్క ఏళ్లు,
అటే తిరిగి పడుకున్నాడు.

ఆమె ఏటా వచ్చేది. ఒక్కటే కోసేది.
బుట్ట నింపి కంచె మీద పెడితే ముట్టేది కాదు.
నేనొక్కసారి పేరడిగాను.
చెప్పింది. నా నోరు తిరగలేదు.
ఆమె నవ్వలేదు.
పోయినేడు రాలేదు.
మేం కొయ్యలేదు, పక్షులు తిన్నాయి.

సంతకమా? రాదు బాబూ,
గీత మీద గీత పెడతాను.
పతకం వస్తే లవ్‌డేకి ఇవ్వండి,
దానికి మెరిసేవంటే ఇష్టం.

కడుపులో ఉన్న బిడ్డ సంగతి మీరడగలేదు.
పుట్టింది. పేషెన్స్.
పళ్లు మగ్గే నెలలో
కంచె దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది,
ఊలు అల్లుతూ.
ఎవరి కోసమే అంటే
ఎండ కోసం అంటుంది.